ఒక చెవి ఓడలో, ఒక చెవి ఇంట్లో

మొన్న పొద్దున కాఫీ తాగి పేపరు మడతపెడుతుంటే మా మేనకోడలి దగ్గర నుంచి ఫోన్లో మెసేజ్ వచ్చింది. "మామయ్యా, ఆ ఆట రెండో భాగం వచ్చింది. పంపమంటావా?" అని రాసి, కింద ఒక బొమ్మ పెట్టింది. ఇనప గోడల నడవ, చివర ఎర్ర దీపం, ఆ దీపానికి అడ్డంగా నిలబడ్డ ఒక నీడ. అంతే, నా అరచేతులు తడిశాయి. అరవై దాటిన మనిషిని. మిరప చేలో కట్లపాము ఎదురైతే కర్రతో పక్కకు నెట్టి నా పని నేను చూసుకున్నవాడిని. వీడియో గేమ్ బొమ్మ ఒకటి చూసి ఫోను కింద పెట్టేశాను. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ తొంగి చూసి, బొమ్మను గుర్తుపట్టి, "వద్దని చెప్పు" అంది. ఇంకో కాయ ఈనె తీసి, "అప్పుడే చెప్పబాక, చూద్దాంలే" అంది. ఆ రెండు మాటల మధ్య మా ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే. మూడేళ్ల కిందటి ఎండాకాలం, అందులో ఒక పదిహేను రోజులు.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. మా పల్నాడులో చిన్న గొంతు ఉన్నవాళ్లు తక్కువ. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషితో మాట్లాడే అలవాటు ఇంట్లోకి వచ్చాక కూడా పోదు. వంకాయ కూరలో కారం ఎక్కువైందని మేం చెప్పుకుంటుంటే, పై ఊరి నుంచి వచ్చిన అద్దెవాళ్లు తగాదా అనుకుని సర్దిచెప్పడానికి వచ్చిన సందర్భాలున్నాయి. అలాంటి చోట కూడా 'గొంతంటే వాడిదిరా' అనిపించుకున్నవాడిని నేను. ఎడ్ల బండలాగుడు పోటీలకు మైకు పట్టుకునేవాడిని. గిత్తల జత బండను లాగుతుంటే, అది ఏ ఊరి జతో, ఎన్ని అడుగులు లాగిందో, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో ఊపిరి తిప్పుకోకుండా చెప్పాలి. ఉత్త చెప్పడంతో అయిపోదు. జత నీరసపడ్డప్పుడు మైకులోంచి కేక వేసి అదిలించాలి. నేను కేకేస్తే ఆగిన కాళ్లు మళ్లీ నేలను పట్టేవని మాచర్ల నుంచి గురజాల దాకా అనేవాళ్లు. ఎద్దులకు నా కేక ఎంత అర్థమయ్యేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ కేక వేసిన రోజు తిన్న అన్నం వేరే రుచిగా ఉండేది. వ్యవసాయం చేసి నేను సంపాదించుకున్న పేరు ఏమీ లేదు. ఊళ్లో నన్ను నలుగురు గుర్తుపట్టారంటే ఆ గొంతు వల్లే. మా బీరువాలో బట్టలకంటే పోటీల్లో కప్పిన శాలువాలే ఎక్కువ.

ఆ ఏడు పోటీలు అయిపోయేసరికి గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, ఉప్పునీళ్లు పుక్కిలించడం, ఇవన్నీ అయ్యాయి. రెండు నెలలైనా తగ్గకపోతే మా ఆవిడ పోరి పోరి గుంటూరు తీసుకెళ్లింది. అక్కడ డాక్టరు గొంతులోకి చిన్న గొట్టం పంపి చూసి, స్వరం పలికే తీగ మీద కాయ ఉందన్నాడు. తీసేశాడు. తీసిన ముక్కను పరీక్షకు పంపించాం, వారంలో రిపోర్టు వస్తుంది అన్నాడు. ముక్కను పరీక్షకు ఎందుకు పంపుతారో తెలియని ఇల్లు ఈ రోజుల్లో లేదు. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు మా ఆవిడ గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ నిలబడింది. తర్వాత ఆయన అసలు షరతు చెప్పాడు. "పదిహేను రోజులు నోట్లోంచి శబ్దం రాకూడదు. గుసగుస కూడా వద్దు, దానికే తీగ ఎక్కువ ఒరుసుకుంటుంది. మానకముందే మాట్లాడితే ఉన్న గొంతు కూడా ఉండదు." మా ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగి రాయించుకుంది. ఆమెది కొండవీడు పక్క ఊరు. అక్కడివాళ్లు నెమ్మదస్తులని కాదు గాని, ఆమె మాత్రం నెమ్మది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె కేకేయగా నేను వినలేదు. నేను వీధిలోంచే "ఏమే" అని అరిస్తే ఆమె లోపల్నుంచి తలుపు తీసేది, అదే జవాబు.

మొదటి రోజే మూడుసార్లు నోరు జారాను. పాలవాడు గేటు కొడితే "వస్తన్నా" అన్నాను. ఫోను మోగితే "హలో" అన్నాను. మూడోసారి, మంచినీళ్ల కోసం "ఏమే" అని సగంలో ఆపుకున్నాను. ఆ సగానికే గొంతులో బ్లేడు పెట్టి గీసినట్టయింది. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు మేడ మీద నుంచి మా మేనకోడలు దిగివచ్చింది. మా చెల్లెలి కూతురు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. వాళ్ల ఊరు వెల్దుర్తిలో నెట్ నిలవడం లేదని నరసరావుపేటలో మా మేడ గదిలో ఉండేది. నన్ను ఎగాదిగా చూసి, "అత్తా, మామయ్యకు చెప్తే వినడు. బయపడితే వింటాడు" అంది. సాయంత్రానికి హాల్లో టీవీకి ఒక నల్ల పెట్టె తగిలించి, నా చేతిలో ఒక కంట్రోలర్ పెట్టింది. దాని మీద ఉన్న మీటలు లెక్కపెట్టి నేను తిరిగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మళ్లీ నా చేతిలో పెట్టింది.

ఆట కథ చెప్పడానికి తేలిక. భూమికి ఎంతో దూరంలో ఒక పెద్ద ఓడ. అంతరిక్షంలో తిరిగేది. అందులో ఉన్న మనుషులంతా చనిపోగా ఒక మెకానిక్ మాత్రం మిగిలింది. ఆడమనిషి. ఆమె బయటపడాలంటే ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, అక్కడున్న చిన్న పడవ లాంటిది ఎక్కాలి. ఊపిరికి సిలిండరు, అది తరుగుతూ ఉంటుంది. చేతిలో ఒక రెంచీ, ఒక టార్చిలైటు. ఇవి కాక ఓడలో ఇంకొకటి ఉంది. దానికి కళ్లు లేవు. చెవులున్నాయి. తుపాకితో కొట్టినా చావదు, అసలు తుపాకీ ఇవ్వరు. చప్పుడు వినిపించిన చోటికి వస్తుంది, అంతే దాని పని. ఇనప బీరువాల్లో దూరి, అది వెళ్లిపోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మా మేనకోడలు టీపాయ్ మీద వేలెడంత మైకు ఒకటి పెట్టి, "దీన్నుంచి అది మన ఇంట్లో చప్పుడు కూడా ఇంటది మామయ్యా. నువ్వు ఇక్కడ మాట్లాడావనుకో, అది అక్కడ వస్తది" అంది. నేను నవ్వాను. నవ్వుకు చప్పుడొచ్చింది. తెర మీద బీరువా తలుపు ఊడి పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో వర్ణించను. ఆ రాత్రి భోజనంలో ఎర్రగా ఉన్న టమాటా పప్పు నేను ముట్టలేదు.

టీవీ గొంతు పెడితే ఆ శబ్దం మళ్లీ మైకులో పడుతుందని, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు తెచ్చిచ్చింది. రెండూ పెట్టుకుంటే ఇంట్లో ఎవరు పిలిచినా వినపడదు గనక ఎడమ చెవికి ఒకటే పెట్టుకున్నాను. రెండోది గుండెల మీద వేలాడుతుండేది. అలా ఒక చెవి ఆ ఓడలో, ఒక చెవి నరసరావుపేటలో పెట్టుకుని పొద్దున టిఫిను అయ్యాక కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడిని కాదు. నాకు ఆట మీద మోజు పుట్టిందనుకోకండి. భయం. ఆడుతున్నంతసేపూ దాని భయం, ఆపితే రిపోర్టు భయం. రెండు భయాల్లో ఇదే నయమనిపించేది. దాన్నుంచి తప్పించుకోడానికి బీరువా అన్నా ఉంది.

ఇంట్లో చప్పుడు చేయకుండా ఉండటం మావాళ్లకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా వైపు మనిషికి బాగోలేదని తెలిస్తే పలకరించడానికి రాకుండా ఎవరూ ఉండరు. రాకపోతే తప్పు పడతారు, వచ్చి మెల్లిగా మాట్లాడితే ఏదో దాస్తున్నారంటారు. మా మేనకోడలు గేటుకు అట్టముక్క కట్టి 'లోపల మాట్లాడరాదు' అని రాసింది. వచ్చినవాళ్లు దాన్ని పైకి చదువుకుంటూ లోపలికి వచ్చారు. పక్కింటి బాబాయి గుమ్మంలోంచే, "ఒరేయ్, ఏందిరా గొంతు తీసేశారంట!" అన్నాడు. నేను అప్పటికి గంటన్నర నుంచి పాకుతూ ఊపిరి సిలిండరు దగ్గరికి చేరుతున్నాను. ఈ ఆటలో ఆడినదాన్ని ఎక్కడ పడితే అక్కడ భద్రం చేసుకోడానికి లేదు, దారిలో అక్కడక్కడ గోడకు పెట్టెలుంటాయి, అక్కడికి పోయి నొక్కితేనే అంతవరకు ఆడింది నిలుస్తుంది. ఆ పెట్టెకు నాలుగడుగుల దూరంలో బాబాయి మాటకు నేను చచ్చాను. ఎదురింటి వదిన వచ్చి కొబ్బరి బొండాలు ధడేలున నేల మీద పెట్టడంతో ఇంకోసారి చచ్చాను. జవాబులు రాయడానికి పలక, బలపం పెట్టుకుంటే ఆ బలపం కీచుమని రెండుసార్లు చంపింది. మూడో రోజుకు బాబాయికి కూడా విషయం అర్థమైంది. నా పక్కన సోఫాలో కూర్చుని, నోటికి కండువా అడ్డం పెట్టుకుని, అది తెర మీదికి వచ్చినప్పుడల్లా నా తొడ గిల్లేవాడు.

మా ఆవిడ మొదట్లో "అదేం ఆటయ్యా, దిక్కుమాలిన ఆట" అని అటు తలతిప్పేది. కాని నా నోరు మూసి ఉంచుతోందని చూశాక, ఆ ఆటకు ఇల్లంతా సర్దిపెట్టింది. కుక్కరు కూత కూస్తుందని పప్పు గిన్నెలో ఉడికించింది. రోటి పచ్చడి మానేసింది. స్టీలు గిన్నెల కింద గుడ్డలు పరిచింది. చేతి గాజులు మాత్రం తీయలేదు. నాకు అలా ఉన్న రోజుల్లో తీయడం ఆమెకు మనసొప్పదు. మోచేతి దాకా పైకి తోసి, కదలకుండా బిగించుకుని తిరిగేది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇంట్లో ఎక్కడుందో నాకు ఆ గాజుల వల్లే తెలిసేది, తెలుస్తోందని కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోయేసరికి, నేను పనిగట్టుకుని వినడం మొదలుపెట్టాను. ఆటలోనూ అదే పని. దాని అడుగులు పైన గొట్టంలోనా, పక్క గదిలోనా, దగ్గరికొస్తున్నాయా, పోతున్నాయా. నోరు పనిచేసినంత కాలం నా చెవులకు పని తగల్లేదేమో, అయిదు రోజుల్లో అవి కుక్క చెవులంత పదునెక్కాయి. అడుగు పడే తీరును బట్టి మా ఆవిడ చేతిలో బిందె ఉందో లేదో చెప్పగలిగేవాడిని.

అయిదో రోజు పదకొండు గంటలప్పుడు నేను బీరువాలో నిలబడి ఉన్నాను. తెర మీద చిన్న కంతల్లోంచి దాని వీపు కనిపిస్తోంది. ఎడమ చెవిలో అది గాలి పీలుస్తున్న చప్పుడు. కుడి చెవిలో ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బాబాయి ఇంకా రాలేదు, మేనకోడలు మేడ మీద మీటింగులో ఉంది. అప్పుడు పెరట్లోంచి, బట్టలుతికే బండ దగ్గర నుంచి మా ఆవిడ గొంతు. మామూలుగా అయితే ఆ దూరానికి నాకు వినిపించేది కాదు. "మళ్లీ ఇంకో చోటికి పంపాలా సార్?" అంటోంది. కాసేపు ఏమీ లేదు. "అనుమానమంటే ఎంత అనుమానం సార్?" ఇంకా కాసేపు. తర్వాత, "ఆయనకు చెప్పబాకండి సార్. ఇనగానే అరుస్తాడు. అరిస్తే గొంతు పోద్ది. నాకే చెయ్యండి ఫోను." ఆ మీద కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు చాలాసేపు ఊరికే పోయాయి. తెర మీద అది నా బీరువా ముందు నుంచి వెళ్లిపోయింది కూడా. నేను బయటికి రాలేదు. మీటల మీద వేళ్లు అలాగే పెట్టుకుని, ఊపిరి సిలిండరు అయిపోయి ఆ మెకానిక్ బీరువాలోనే కూలిపోయేదాకా కూర్చున్నాను.

పలక పక్కనే ఉంది. 'విన్నాను' అని మూడక్షరాలు రాస్తే అయిపోయేది. రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం, పాపం ఆమె కష్టపడి దాస్తోంది కదా, ఆ కష్టం ఎందుకు వృథా చేయడం అని. అది అబద్ధం. రాస్తే అది నిజమైపోతుందని భయపడ్డాను. ఆమె లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "మజ్జిగ తాగుతావా?" అంది. నేను తలూపాను. ఆమె ముఖం కడుక్కుని వచ్చిందని తెలుస్తోంది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, ఆట భయం అనుకుని ఉంటుంది. నాలుగు రోజులు అలా నడిచింది. ఆమె ఫోను చీర కుచ్చిళ్లలో దోపుకుని తిరిగేది. అది వణికితే పెరట్లోకి పోయేది. నేను చెవి అటు పడేసి, ఆమె అడుగుల్లో ఏమన్నా తెలుస్తుందేమోనని వినేవాడిని. కంచంలో అన్నం పెడుతూ ఒక ముద్ద ఎక్కువ పెట్టేది, నేను ఆకలి లేకపోయినా తినేవాడిని. ఒకరిని ఒకరం చూసుకోవడం మానేసి ఇద్దరం తెర వంక చూసేవాళ్లం. ఒకరోజు ఆమె వచ్చి నా కుడిపక్కన కూర్చుని, నా గుండెల మీద వేలాడుతున్న రెండో ఇయర్‌ఫోను తీసి తన చెవిలో పెట్టుకుంది. "ఏం ఇంటన్నావో నన్నూ ఇననీ" అని నా చెవి దగ్గర గొణిగింది. తీగ పొట్టిది. ఆమె తల నా భుజానికి తగులుతూ ఉండేది. అది వచ్చినప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఒళ్లు జలదరించేది. బయటికి మాత్రం ఇది ఆట భయమే అన్నట్టు ఇద్దరం ఉండేవాళ్లం.

తొమ్మిదో రోజు నేను ఆటలో ఒక పొడుగాటి సొరంగం దగ్గరికి వచ్చాను. అక్కడ దాక్కోవడానికి బీరువాలు లేవు. తలుపు తెరవగానే సైరన్ మోగుతుంది, అది వెంట పడుతుంది, పరుగెత్తడమే. సిలిండరులో రెండు నిమిషాల ఊపిరి. తెర మీద ఒక మూల మిగిలిన సెకన్లు, ఇంకో మూల మిగిలిన దూరం. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నాకేమైందో చెప్పలేను. ఇరవై ఏళ్లకు పైగా ఒక కంటితో గడియారం, ఒక కంటితో టేపు చూస్తూ అరిచినవాడిని. ఆ మెకానిక్ పరుగెడుతోంది. సగం దారిలో వేగం తగ్గింది, రొప్పుతోంది, వెనక అది వస్తోంది, నిమిషం కూడా లేదు. నీరసపడిన జతను చూస్తే నా లోపల ఏం లేస్తుందో అదే లేచింది. నోరు తెరిచాను. "హెయ్ హెయ్ హెయ్య్, పదా!" అని నిండు గొంతుతో అదిలించాను. తిరునాళ్లలో మైకు ముందు వేసిన కేక అది, ఏమీ తగ్గలేదు. ఆమె ఆగిపోయిందో, అది అందుకుందో నేను చూడలేదు. గొంతులో ఏదో పుటుక్కుమన్నట్టు తోచింది. నోట్లో ఉప్పగా తగిలింది. నేను రెండు చేతులతో మెడ పట్టుకుని సోఫాలో ముందుకు వంగిపోయాను.

మా ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, రెండు చేతులూ నా నోటి మీద వేసి నొక్కింది. తడి చేతులు, సబ్బు వాసన. గాజులు జారి కిందికి వచ్చి నా గడ్డానికి కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఆమె అరిచింది. పెళ్లయ్యాక మొదటిసారి. "ఏందయ్యా నువ్వు! ఏం మనిషివయ్యా! నీ గొంతు పోతే పోయింది, నువ్వుంటే చాలనుకుంటా నేను చస్తన్నా ఇక్కడ! అది మంచిదో చెడ్డదో ఇంకా తేల్లేదంట, ఇంకో చోటికి పంపారంట! నాలుగు రోజుల నుంచి కడుపులో పెట్టుకుని తిరగతన్నా!" మేడ మీద నుంచి మేనకోడలు దిగబోయి మెట్ల మీదే ఆగిపోయింది. గోడ అవతల బాబాయి వాళ్లింట్లో టీవీ ఆగిపోయింది. ఎప్పుడూ నాకు వచ్చే పేరు ఆ పూట ఆమెకు వచ్చింది. నేను పలక అందుకున్నాను. నొక్కి రాస్తుంటే బలపం రెండుసార్లు విరిగింది. 'నాకు తెలుసు. అయిదో రోజు విన్నా' అని రాశాను. ఆమె చదివింది. ఇంకోసారి చదివింది. "తెలిసి కూడా..." అని, మాట పూర్తి చేయకుండా నా పక్కన కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపుకు కూడా గొంతు వాడకూడదు. నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడ్చాను. అది ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు.

ఆ సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేస్తే, నోట్లో రక్తం మళ్లీ కనిపించకపోతే కంగారుపడొద్దు, ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ అరవొద్దు అన్నాడు. మరునాడు కంట్రోలర్ నా చేతిలోంచి మా ఆవిడ తీసుకుంది. "నువ్వు చూడు, నేను పోతా. నీకు నోరాగదు" అంది. మీటలు నేర్చుకోవడానికి ఆమెకు ఒక పూట పట్టింది. చూస్తే, ఆ ఆట ఆమె కోసమే తయారు చేశారనిపించింది. తొందర లేదు. తలుపు దగ్గర నిలబడి వినేది. అది ఎటు పోయిందో తేలేదాకా అడుగు వేసేది కాదు. పదిసార్లు చచ్చి నేను దాటలేకపోయిన గదులు ఒక్కసారికి దాటేసింది. ఒక తీగ, రెండు చెవులు, పక్కపక్కన ఇద్దరం. అది వచ్చినప్పుడు నేను ఆమె మోచెయ్యి పట్టుకునేవాడిని. ఈసారి ఇద్దరం దేనికి భయపడుతున్నామో ఇద్దరికీ తెలుసు. భయం ఏమీ తగ్గలేదు, రాత్రిళ్లు కళ్లు మూతపడేవి కావు. కాని మంచినీళ్లకు ఒకరు లేస్తే రెండోవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లం.

పన్నెండో రోజు మధ్యాహ్నం కాబోతుండగా ఫోను వచ్చింది. ఆమె ఇనప బీరువాలో దాక్కుని ఉంది. అంటే ఆ మెకానిక్. అది గది మధ్యలో నిలబడి చెవి రిక్కించి ఉంది. ఫోను టీపాయ్ మీద, మైకు పక్కనే పెట్టి ఉంది. మోగగానే తెర మీద అది గిరుక్కున ఇటు తిరిగింది. ఎప్పుడూ ఆసుపత్రి నుంచి ముందు కౌంటరులో ఉండే అమ్మాయి చేసి డాక్టరుకు కలిపేది. ఈసారి ఫోను మీద డాక్టరు పేరే పడింది. డాక్టరే నేరుగా చేశాడంటే ఏమిటి అర్థమని మా ఇద్దరికీ ఒకటే తోచింది. మా ఆవిడ ఫోను తీసి స్పీకరు నొక్కింది. "హలో సార్" అంది. ఎడమ చెవిలో అడుగులు మొదలయ్యాయి. కుడి చెవిలో డాక్టరు, "అమ్మా, ఆయన పక్కనే ఉన్నారా?" అన్నాడు. "ఉన్నాడు సార్. ఇంటన్నాడు. చెప్పండి." అడుగులు బీరువా దగ్గరికి వచ్చాయి. డాక్టరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "రెండో రిపోర్టు నేనే దగ్గరుండి చూశాను..." బీరువా తలుపు మీద గోళ్లు గీసిన చప్పుడు. ఆమె చెవి నుంచి ఇయర్‌ఫోను తీయలేదు, నేనూ తీయలేదు, తీయాలని కూడా తోచలేదు. "ఏమీ లేదమ్మా. మామూలు కాయే. చెడ్డది కాదు. నేనే చెబుదామని చేశాను." తలుపు ఊడింది. అది మీద పడింది. తెర ఎర్రబడి, నల్లబడి, మళ్లీ మొదటి నుంచి ఆడతావా అని అడిగింది. మేమిద్దరం ఆ నల్ల తెరలో కనిపిస్తున్న మా ముఖాల్ని చూస్తూ కూర్చున్నాం. ఆమె "సార్, సార్, సార్" అంటోంది, ఇంకో మాట రావడం లేదు. మాట్లాడకూడనివాడిని నేనైతే, మాట రానిది ఆమెకు.

పదిహేనో రోజు గుంటూరు వెళ్లాం. మొదటి మాట ఏం అనాలని దారంతా ఆలోచించుకున్నాను. డాక్టరు గొంతులోకి చూసి, "ఒకటి నుంచి పది దాకా మెల్లిగా లెక్కపెట్టండి" అన్నాడు. అలా నా మొదటి మాట ఒకటి, రెండోది రెండు అయ్యాయి. వచ్చిన గొంతు నాది కాదు. కింది మెట్టు మీద ఉంది, గరుకుగా, ఎవరో ముసలాయనది అరువు తెచ్చుకున్నట్టు. ఇంతే ఉంటుందన్నాడు. ఇంట్లో మాటలకు సరిపోతుంది, మైకు ముట్టుకోవద్దు, అరవొద్దు. ఆ తొమ్మిదో రోజు కేక వల్ల ఇలా అయిందా, ముందే ఇంతేనా అని నేను అడగలేదు. మా ఆవిడ అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. తెలుసుకుంటే ఎవరికి లాభం. ఆ తర్వాత పోటీల కమిటీల వాళ్లు రెండేళ్లు పిలిచారు, మానేశారు. ఒకసారి వెళ్లి జనంలో కూర్చున్నాను. కొత్తతను బాగానే చెబుతున్నాడు. జత నీరసపడినప్పుడు మాత్రం లేచి బయటికి వచ్చేశాను. దుఃఖం లేదని చెప్పను. ఇప్పటికీ ఎండాకాలం వస్తే గొంతులో ఏదో కదులుతుంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో, బస్సు కిటికీలోంచి కొండవీటి కొండలు కనిపిస్తుండగా, ఆమెను అడిగాను. కొత్త గొంతుతో సొంతంగా నేనన్న మొదటి మాట అదే. "ఆ నాలుగు రోజులూ ఒక్కదానివే ఎట్టా ఉన్నావే?" ఆమె కిటికీ వంక చూస్తోంది. బస్సు చప్పుడులో నా మాట వినపడలేదనుకుని ఇంకోసారి అనబోయాను. "ఇనపడింది" అంది. కిటికీ వంకే చూస్తూ, "నువ్వెట్టా ఉన్నావో అట్టానే" అంది.

ముప్పై ఏళ్ల కాపురంలో నాకు తేదీలతో సహా గుర్తున్న రోజులు తక్కువ, అవన్నీ ఎప్పుడెలా జారిపోయాయో తెలియదు. ఆ నాలుగు రోజులు మాత్రం గంటతో సహా గుర్తున్నాయి. ఒకే సోఫాలో కూర్చుని ఇద్దరం విడివిడిగా భయపడిన రోజులు. జరిగిపోయిన కాలంలోంచి నాలుగు రోజులు వెనక్కి ఇస్తామని ఎవరైనా అంటే, గొంతు బాగున్న రోజులు అడగను, పెళ్లినాటివీ అడగను. అవే అడిగి తీసుకుని, మొదటి రోజే పలక మీద ఆ మూడక్షరాలు రాసి ఆమెకు చూపిస్తాను.